ఎనభై ఆరు తర్వాత తొంభై ఒకటి

గూడూరులో మస్తానయ్య అద్దె పుస్తకాల కొట్లో
ఆ నవలకి రోజుకి పావలా.
అట్ట మీద ఉప్పు పడవ,
తెరచాపలో చెదపురుగు తిన్న బొక్క,
లోపల
ఎనభై ఆరు తర్వాత తొంభై ఒకటి.
రెండాకులు ఎవరు చించారో,
ఏ శెనక్కాయల పొట్లం అయ్యాయో.
అడిగితే కళ్ళజోడు పైనుంచి చూసి
"చదవను తెలిసినదానివి, ఊహించుకోను తెలీదా" అన్నాడు.
పావలా మాత్రం తగ్గించలేదు.

ఊహించుకున్నాను.
ఎనభై ఆరులో చెంగాళి
రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పడవెక్కుతుంది,
ఉప్పు బస్తాల మధ్య పిల్లిలా ఒదిగి.
తొంభై ఒకటిలో మద్రాసు.
మధ్యలోవి నేను పెట్టినవి:
పులికాట్ నీళ్ళ మీద నీలం దీపాల దీవి,
మాటలొచ్చిన గూడబాతు,
జడేసుకున్నావా, అన్నం తిన్నావా అని
ఎవరూ అడగని మూడు రోజులు.
వెనక ఎవరూ రారు.
నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.
పొద్దుగూకాక అమ్మ కొట్టు ముందు నిలబడి ఉంటే
తల ఎత్తకుండా
ఇంకొక్క పేజీ అని చెయ్యి ఊపేదాన్ని.

ఇప్పుడు మందవెల్లిలో
మా వంటింటి కిటికీ కింద అదే కాలవ.
పడవలు పోయి ఎన్నేళ్ళో.
రైలు వంతెన స్తంభాలు నల్లనీళ్ళలో నిలబడి
ఎవరికోసం దిగాయో మర్చిపోయినట్టుంటాయి.
చెంగాళి దిగిన రేవు ఈ చుట్టుపక్కలే అయ్యుండాలి
అనుకుంటాను,
కంపుకి కిటికీ మూస్తూ.

తుఫాను. బడికి సెలవు. మేఖలకి జ్వరం.
నెల్లూరు నుంచి తెప్పించిన ప్రతి మొన్ననే వచ్చింది,
ఆకులన్నీ ఉన్నది.
దానికి తెలుగు వినడమే వచ్చు, చదవడం రాదు.
"చదువుమ్మా, ఆనా మెల్లగా చదువు" అంటుంది.
మెల్లగానే చదువుతున్నాను.
ఎనభై ఆరు. పడవ కదిలింది.
ఎనభై ఏడు.

దీవి లేదు.
గూడబాతు లేదు.
అసలు చెంగాళే లేదు.
వాళ్ళమ్మ ఉంది.
కాలవ కట్ట మీద నడుస్తోంది.
లాకు వచ్చిన ప్రతిచోటా ఆగి
నడుం దగ్గర అరచెయ్యి చాపి
"ఇంత ఉంటుందయ్యా పిల్ల" అంటోంది.
ఒక లాకు. ఇంకో లాకు.
వానలు వెనకబడ్డాయి, చలి మొదలైంది.
తొంభయ్యో పేజీ అడుగున, ఆఖరి లాకు దగ్గర
ఆ చెయ్యి
రెండు వేళ్ళ ఎత్తు పైకి జరిగింది.
ఎందుకో రాసినవాళ్ళు చెప్పలేదు.

పోయిన జనవరి, ఎగ్జిబిషన్ జనంలో
పదకొండు నిమిషాలు మేఖల కనబడలేదు.
"ఎన్న ఉయరమ్?" అని కానిస్టేబుల్ అడిగితే
చెయ్యి చాపి చూపించాను.
అప్పడాల బండి వెనక దొరికింది,
నేను చూపించిన చోటికి జానెడు పైన
నవ్వుతూ.

"తర్వాతేంటమ్మా?"
మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగు పేజీలూ చదివాను,
మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగడానికి లేచి.
అది వింది. కాసేపు వానని వింది.
"ఇది బోరుగా ఉంది.
నువ్వు ముందు చెప్పావే దీవి, అది చెప్పు.
ఆ పక్షి ఏం మాట్లాడింది?"

ఏం మాట్లాడిందో నాకూ సరిగా గుర్తులేదు.
కొంత అప్పటిది, కొంత అప్పటికప్పుడు అల్లింది,
నీలం దీపాలు కనబడేలోపే నిద్రపోయింది.
నుదురు కాస్త చల్లబడింది.
వాన తెరిపిచ్చాక ఒక రైలు
ఖాళీ పెట్టెల వెలుతురుని
నీళ్ళ మీద ఈడ్చుకుంటూ పోయింది.

పాదాలు దుప్పటి దాటి బయటికొచ్చాయి.
కిందికి లాగి కప్పాను.
భుజాలు బయటపడ్డాయి.